కాలూ చెయ్యీ ఆడట్లేదు టీచర్ గారూ

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ టేబుల్ మీద పరిచి చూస్తే విషయాలు వేరే గానీ లోపల గుబులు ఒకటే. ఒకరికి పరీక్ష, ఒకరికి కడుతున్న ఇల్లు, ఒకరికి అమ్మ వదిలి వెళ్ళిన ఇల్లు, ఇంకొకరికి రోజూ ఉండే ఇల్లు. అందరూ రాసిన మాట మాత్రం ఒకటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక కాలూ చెయ్యీ ఆడట్లేదని. అందుకని ఈసారి ఈ నాలుగే తీసుకున్నా, మిగతావాటికి వచ్చే నెల తప్పకుండా రాస్తా. పేర్లు వద్దన్నారు కాబట్టి వెయ్యట్లేదు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది నల్గొండ దగ్గర ఒక ఊరు, నాకు 27 ఏండ్లు. 2022 డిసెంబర్ల గ్రూప్-2 నోటిఫికేషన్ పడ్డప్పుడు ప్రైవేట్ స్కూల్ల టీచర్ జాబ్ ఇడిసిపెట్టి హైదరాబాద్ వచ్చిన, అశోక్‌నగర్ల హాస్టల్ల ఉండుకుంట చదువుతున్న. 783 పోస్టులకు పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి ఆఖరికి 2024 డిసెంబర్ 15, 16 తారీఖుల్ల అయింది, నాకు రాలే. ఇప్పుడు మళ్ళ కొత్త నోటిఫికేషన్ కోసం కూసున్న గని పుస్తకం తెరిస్తే చాలు గుండె దడదడ అంటది. మంచం కింద 19 పుస్తకాలున్నయి, ఫోన్ల టెలిగ్రామ్ పీడీఎఫ్‌లకైతే లెక్కనే లేదు. ప్రతిసారి సింధు నాగరికత కాడ మొదలువెడ్త, పది రోజులకు ఆగిపోత, మళ్ళ సింధు నాగరికతనే. ఇప్పటికి ఎనిమిది సార్లు చదివి ఉంట. పేపర్-3ల మూడో సెక్షన్ మాత్రం ఒక్కసారి గూడ తెరవలే. రాత్రి నిద్ర పడ్తలేదు, బాపు ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి అయితలేదు. నేను బద్ధకస్తురాలినా మేడమ్?

జవాబు: ముందు నీ ఆఖరి మాటకి జవాబు చెప్తానమ్మా. బద్ధకం ఉన్న పిల్ల ఒకే పాఠం ఎనిమిది సార్లు చదవదు. నీకున్నది భయం, ఆ భయానికి నువ్వు కనిపెట్టుకున్న మందు సింధు నాగరికత. తెలిసిన పాఠం చదువుతుంటే చదువుతున్నట్టే ఉంటుంది, పేజీలు తిరుగుతాయి, రాత్రికి కాస్త తృప్తిగా కూడా ఉంటుంది, తెలియని పాఠం జోలికి మాత్రం పోనక్కర్లేదు. నేను 34 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పాను, పదో తరగతి పిల్లల నోట్సులు చూస్తే మొదటి ఇరవై పేజీలు నలిగి, అట్ట ఊడి, చేతి చెమటకి నల్లబడి ఉండేవి, చివరి పాతిక పేజీలు కొట్లోంచి తెచ్చినంత తెల్లగా ఉండేవి. పిల్లలేం మొద్దులు కాదు, మొదటి నుంచీ మొదలుపెట్టడం ఒక్కటే మనం వాళ్ళకి నేర్పాం, అందుకే ఆగిపోయిన ప్రతిసారీ మళ్ళీ మొదటికే వెళ్ళేవాళ్ళు.

నీకొక సంగతి చెప్తా. 2010 వేసవిలో జనగణనకి ముందు ఇళ్ళ జాబితా రాసే డ్యూటీ నాకు పడింది. టీచర్లం కదా, తప్పదు. సంచీ, ఫారాలు, అట్ట, పెన్సిలు పట్టుకుని నాకిచ్చిన బ్లాకు దగ్గర వీధి మొగలో నిలబడ్డాను. ఒక చెరువు గట్టు, మూడు సందులు, గట్టు మీద గుడిసెలు, ఒకే గేటు లోపల నాలుగు కాపురాలు, మేడ మీద ఇంకొకరు. ఎండ మండిపోతోంది, మొదటి గుమ్మం ఏదో తెలియట్లేదు, ఒక ఇంట్లో అడిగి వచ్చేసరికి పక్క సందు అడిగానా లేదా అని అనుమానం. గంట తిరిగి ఏడుపు మొహంతో వేపచెట్టు కింద కూర్చుంటే మా సూపర్‌వైజర్, ఆయనా టీచరే, వచ్చి ఫారాలు నా చేతిలోంచి తీసేసుకున్నాడు. ఈ పూట ఎవ్వరినీ ఏమీ అడక్కండి మేడమ్, ఊరికే నడవండి, నడుస్తూ బొమ్మ గీయండి అన్నాడు. గుడి, బోరింగు, చెరువు, సందులు. పక్కా ఇల్లయితే చదరం, కచ్చా ఇల్లయితే త్రికోణం, లోపల నంబరు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్ళాలో బాణం గుర్తు. ట్రైనింగులో చెప్పిందే, ఆ ఎండలో నేనే మర్చిపోయాను. సాయంత్రానికి ఆ బొమ్మ చేతికొచ్చింది చూడు, అప్పుడు నా గుండె కుదుటపడింది. ఇళ్ళు ఒక్కటి కూడా తగ్గలేదు, పని పిసరంత కూడా తగ్గలేదు, కానీ రేపు పొద్దున్న ఏ గుమ్మం ముందు నిలబడాలో తెలిసింది. మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరిలో మనుషుల్ని లెక్కపెట్టడానికి వెళ్ళినప్పుడూ అదే బొమ్మ. అలా దేశం మొత్తం మీద సుమారు 27 లక్షల మంది సిబ్బంది తలా ఒక ముక్క పట్టుకుని తిరిగితే 121 కోట్ల లెక్క తేలింది. అందులో ఏ ఒక్కళ్ళూ 121 కోట్లు తలకెత్తుకోలేదు.

నీ దగ్గర పుస్తకాలు 19 ఉన్నాయి గానీ ఆ బొమ్మ లేదు. అది ఈ ఆదివారం గియ్యి. సిలబస్ ప్రింటు తీసుకో, ఒక పెద్ద చార్టు తెచ్చుకో. నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. పేపర్ 2, 3, 4 ఒక్కోటి మూడు సెక్షన్లు, సెక్షన్‌కి 50 మార్కులు. పేపర్-1 జనరల్ స్టడీస్, అందులో టాపిక్ టాపిక్‌కీ ఒక గడి. సిలబస్‌లో ఉన్న ప్రతి లైనూ ఒక ఇల్లు అనుకో. గట్టిగా వచ్చిందంటే చదరం, ఊగుతూ ఉందంటే త్రికోణం, అస్సలు గుమ్మం తొక్కలేదంటే ఖాళీ గడి. ఆ రోజు ఒక్క పేజీ కూడా చదవొద్దు, అది గట్టిగా చెప్తున్నా. గీయడం అయ్యాక దూరంగా నిలబడి చూస్తే నువ్వు ఎనిమిది సార్లు చదివిన సింధు నాగరికత 600 మార్కుల ఊళ్ళో ఒక సందులో ఒక ఇంట్లో ఒక గది అని నీకే కనపడుతుంది. అలాగే నీకు ఏమీ రాదనుకుంటున్నావు చూడు, అదీ నిజం కాదని కనపడుతుంది, ఇన్నేళ్ళు చదివినదానికి చదరాలూ త్రికోణాలూ నువ్వనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

సోమవారం పొద్దున్న పేపర్-3 మూడో సెక్షన్ తెరువు. అందులో ఏముంది, ప్రాంతీయ అసమానతలు, వలసలు, భూసేకరణ, పునరావాసం. నల్గొండ పిల్లవి, నాగార్జునసాగర్ కింద మునిగిన ఊళ్ళ గురించీ ఫ్లోరైడ్ నీళ్ళ గురించీ నీకు ఎవరో పుస్తకంలో చెప్పాలా? పేరు చూసి భయపడ్డావు గానీ లోపల ఉన్నది మీ జిల్లా కథే. మొదటిసారి చదివేటప్పుడు ఏదీ కంఠస్థం చెయ్యకు, కిటికీలోంచి ఊరు చూస్తున్నట్టు చూసుకుంటూ పో, నాలుగు రోజుల్లో అవతలి చివర తేలాలి అంతే. రెండోసారికి పుస్తకం మూసి, గుర్తున్నది తెల్ల కాగితం మీద రాయి, రానివి మాత్రమే మళ్ళీ చూడు. చాలామంది తిరగేసి తిరగేసి చదువుతారు గానీ మూసి రాయరు, రాస్తే రాలేదని తెలుస్తుందని భయం. అది పరీక్ష హాల్లో తెలియడం కంటే హాస్టల్ గదిలో తెలియడం నయం కదమ్మా.

పుస్తకాలు సబ్జెక్టుకి ఒక్కటి ఉంచుకుని మిగతావి గోనె సంచిలో కట్టి ఊరికి పంపెయ్యి. తర్వాత కావాలంటే చిక్కడపల్లి లైబ్రరీ నీకు పక్కనే ఉంది. మంచం కింద ఉన్న పుస్తకం నువ్వు చదివే పుస్తకాన్ని చదవనివ్వదు, ఇంకేదో మిస్సవుతున్నావని గొణుగుతూనే ఉంటుంది. రోజుకి ఎన్ని గంటలు అని లెక్క పెట్టుకోకు, ఇవాళ ఏ గడి అని పెట్టుకో. రాత్రి పుస్తకం మూసేముందు రేపు పొద్దున్న మొదట చూడాల్సిన ప్రశ్న ఒకటి చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టు, పొద్దున్నే లేచి ఏం చదవాలా అని వెతుక్కోవడంలోనే సగం దడ ఉంటుంది.

ఇక బాపు సంగతి. పేపర్-4 మొత్తం తెలంగాణ ఉద్యమం, 1948 నుంచి 2014 దాకా మూడు సెక్షన్లు. అందులో మూడోదానికి మీ బాపు కళ్ళారా సాక్షి. ఫోన్ ఎత్తు, 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది కదా, మనూళ్ళో అప్పుడు ఎట్లుండె బాపూ, బస్సులు లేకుంటే ఎట్ల పోయినవ్ అని అడుగు. చదువు ఎంతవరకొచ్చింది అని ఆయన అడుగుతాడని నీ భయం, నువ్వే ముందు అడిగేస్తే ఆయన గంటసేపు చెప్తాడు, నీకు పాఠమూ అవుతుంది, పెద్దాయనకి కూతురి గొంతూ వినపడుతుంది.

ఇంకో రెండు మాటలు, కష్టంగా ఉన్నా చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, దడ, ఎవరితో మాట్లాడాలనిపించకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది చార్టుతో పోయేది కాదు. 14416కి ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు, అవసరమైతే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో కూడా చెప్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండోది, ఎన్నాళ్ళు అనేది కూడా ఆ చార్టు కింద రాసుకో. వచ్చే నోటిఫికేషన్ వరకా, దాని పరీక్ష వరకా, అప్పటిదాకా రోజుకి నాలుగు గంటలు ఎక్కడైనా పాఠాలు చెప్పి నీ హాస్టల్ ఫీజు నువ్వే కట్టుకోగలవా అని. గడువు లేని పని ఎంత చేసినా అయినట్టు ఉండదు. ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను తల్లీ, కానీ మూడో సెక్షన్ తెరిచిన రోజు నాకో పోస్టు కార్డు రాయి, అది మాత్రం నాకు కావాలి.

ప్రశ్న: టీచర్ గారూ, భీమవరం దగ్గర పల్లెటూరండీ మాది. మా ఆయన కువైట్లో డ్రైవరు, నేనూ ఇద్దరు పిల్లలూ అత్తయ్యగారూ ఉంటాం. మూడు సెంట్ల స్థలంలో ఇల్లు మొదలెట్టాం, పునాది అయ్యి గోడలు లేస్తున్నాయి. ఇల్లు కట్టి చూడు పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్లేదండీ, తల బద్దలైపోతోంది. మేస్త్రీ గారు రోజుకో పది ప్రశ్నలు అడుగుతారు, వచ్చినవాళ్ళంతా వాస్తు అనీ మెట్లు అటు కాదు ఇటు అనీ, ఆడపడుచు టైల్స్ ఫొటోలు పంపిస్తూనే ఉంటుంది, బ్యాంకు వాళ్ళు తర్వాతి విడత లోను ఇవ్వడానికి ఫొటోలు అడుగుతున్నారు, మా ఆయన అర్ధరాత్రి ఫోన్ చేసి గేటు ఎలాంటిది పెడదాం అంటారు. పొద్దున్న లేవగానే ఏడుపొస్తోందండీ. నా వల్ల అవుద్దా?

జవాబు: అవుతుంది అమ్మాయ్. సగం పని అప్పుడే అయింది కూడా, పునాది వేసి గోడ లేపిన మనిషివి.

గోదావరి నీళ్ళు తాగేదానివి కాబట్టి ధవళేశ్వరం ఆనకట్ట కథ నీకు చెప్పాలనిపిస్తోంది. మా స్కూలు పిల్లల్ని ఏటా అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళం, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం చూపించి గట్టు మీద పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళం. అక్కడ నిలబడి చూస్తే గోదారి అవతలి ఒడ్డు దాకా సుమారు ఆరు కిలోమీటర్లు ఉంటుంది. ఆ రోజుల్లో, అంటే 1847లో, దానికి అడ్డంగా గోడ కడతానంటే ఎవరికైనా భయమే వేస్తుంది. కానీ అక్కడ నదిలో లంకలున్నాయి. లంకకీ లంకకీ మధ్య పాయలు, ఆ పాయకొక ముక్క చొప్పున ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు, 1852కి అయింది. ఇప్పుడు ఉన్నది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ అయినా ఆ నాలుగు పేర్లూ అలాగే ఉన్నాయి. పిల్లలకి నేను ఎప్పుడూ ఆ లంకలే చూపించేదాన్ని, నది పెద్దదే గానీ కాలు పెట్టుకోడానికి చోటు అందులోనే ఉంది అని.

నీ ఇంటికి కూడా లంకలున్నాయి, మీ మేస్త్రీకి అవి బాగా తెలుసు, నీకు ఎవరూ చెప్పలేదు అంతే. స్లాబు ఒక లంక, ప్లాస్టరింగు ఇంకో లంక. ఒక నోటుబుక్కు తీసుకుని మూడు పేజీలు చెయ్యి. మొదటి పేజీ మీద స్లాబు లోపు అని రాయి. అందులో గుమ్మాలూ కిటికీలూ ఎక్కడ, మెట్లు ఎక్కడ, పైన ట్యాంకు ఎక్కడ కూర్చుంటుంది, ఏ గదిలో ఫ్యాను హుక్కు, స్లాబులోంచి కరెంటు పైపులు ఎటు వెళ్ళాలి, ఇంతే. కాంక్రీటు పోశాక ఇవి మార్చాలంటే డబ్బూ ఏడుపూ రెండూ అవుతాయి, అందుకని నీ బుర్రంతా ఇక్కడే పెట్టు. రెండో పేజీ ప్లాస్టరింగు లోపు. స్విచ్ బోర్డులు ఎంత ఎత్తులో, ఫ్రిజ్జు ఎక్కడ, మిక్సీ ఎక్కడ, బాత్రూం పైపులు, గీజరు పాయింటు. మూడో పేజీ తర్వాత. టైల్స్ రంగు, గేటు, పెయింటు, వంటింటి అరలు అన్నీ అక్కడ రాసి ఆ పేజీకి క్లిప్పు పెట్టేసెయ్యి. ప్లాస్టరింగు అయ్యేవరకు ఆ క్లిప్పు తియ్యకూడదు. ఆడపడుచు ఫొటో పంపితే చాలా బావుంది వదినా దాచుకున్నా అని చెప్పు, నిజంగానే దాచుకో, గొడవే లేదు. ఇప్పుడు నీ తల బద్దలయ్యేది ఎక్కువగా మూడో పేజీ వల్లే, చూసుకో, ఇంకా లేవని ఇంటికి రంగు ఎంచుతున్నావు.

మేస్త్రీ గారి పది ప్రశ్నలకి ఒక ఉపాయం. ఆదివారం సాయంత్రం ఆయనకి టీ ఇచ్చి, బాబాయ్ గారూ ఈ వారం మీ పని ఆగకుండా ఉండాలంటే నేను ఏం తెప్పించాలి, ఏం తేల్చి చెప్పాలి అని అడుగు, ఆయన చెప్పింది రాసుకో. ఇటుక ఎంత, ఇసుక ఎంత, సిమెంటు ఎన్ని బస్తాలు, ఊచలు ఎప్పుడు. వారం మధ్యలో ప్రశ్న వస్తే ఆగిపోయే పనైతే అప్పుడే, కాకపోతే ఆదివారం అని నవ్వుతూ చెప్పు. వాళ్ళూ మెచ్చుకుంటారు, ఇంటావిడ లెక్కగా ఉందని. డబ్బు మాత్రం పని అయ్యాకే ఆ విడతది ఇవ్వాలి, ముందు ఇవ్వొద్దు, ఇచ్చింది రాసి సంతకం పెట్టించుకో, మొహమాటం వద్దు. బ్యాంకు ఫొటోలు కూడా ఆ ఆదివారమే తీసి పక్కన పెట్టేసుకుంటే వాళ్ళు అడిగినప్పుడు పరుగు ఉండదు.

మెట్లు అటు ఇటు అనేవాళ్ళకి ప్లాను గీసిన ఇంజినీరు గారిని అడిగి చెప్తానండీ అను, రెండోసారి అడగరు. మీ ఆయనకి శుక్రవారం సెలవు కదా, ఇంటి మాటలు శుక్రవారమే అని చెప్పు. పాపం అతనికి అక్కడ ఆ గేటు ఒక్కటే ఊరట, ఎడారిలో బండి తోలుతూ తన ఇంటి గేటు ఊహించుకుంటున్నాడు, అందుకని కోప్పడకు, మిగతా రోజులు పిల్లల కబుర్లు చెప్పు.

అన్నిటికంటే నువ్వు స్వయంగా చూసుకోవాల్సింది ఒకటుంది, నీళ్ళు. గోడ కట్టిన మర్నాటి నుంచి పొద్దున్నా సాయంత్రం తడపాలి, స్లాబు పోశాక పైన సిమెంటుతో చిన్న చిన్న మడులు కట్టి వరి మడిలో పెట్టినట్టు నీళ్ళు నిలబెట్టాలి, కనీసం పది రోజులు, రెండు వారాలైతే ఇంకా మంచిది. ఆ రోజుల్లో పని ఆగిపోయింది, ఏమీ జరగట్లేదు అని నీకు గాభరా పుడుతుంది చూడు, పుట్టనివ్వకు. పైకి ఎక్కి మడిలో వేలు ముంచి చూడు, నీళ్ళు తగ్గితే పెట్టు, దిగి వచ్చి అన్నం తిని పడుకో. లోపల సిమెంటు గట్టిపడుతోంది, నీ పని జరుగుతూనే ఉంది.

ప్రశ్న: నమస్కారమండీ. నేను న్యూజెర్సీలో ఉంటాను. మార్చిలో అమ్మ పోయింది, నాన్నగారు ముందే పోయారు. గుంటూరులో మా ఇల్లు అద్దెకి ఇవ్వాలని అన్నయ్యా నేనూ అనుకున్నాం, సామాను తీసే పని నాది. మూడు వారాల సెలవు పెట్టుకుని వచ్చా, వారం అయిపోయింది. రోజూ తాళం తీసి లోపలికి వెళ్ళి హాల్లో కూర్చుని వచ్చేస్తున్నా. 40 ఏళ్ళ సామాను. ఒక్క అలమారా కూడా తెరవలేకపోయాను.

జవాబు: వారం వృథా చేశానని అనుకోకు తల్లీ. ఆ ఇంట్లో కూర్చోవడం కూడా చెయ్యాల్సిన పనే, ఎవరికైనా.

ఇప్పుడు రెండు వారాలున్నాయి. ముందు కాగితాలు, ఎందుకంటే అవి పోతే మళ్ళీ దొరకవు, అమెరికా నుంచి తెప్పించుకోవడం నరకం. ఇంటి దస్తావేజులు, పొలం ఉంటే పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకాలు, ఎల్ఐసీ బాండ్లు, అమ్మ నాన్నల డెత్ సర్టిఫికెట్లు, పన్ను రశీదులు. మనవాళ్ళు బీరువాలోనే పెడతారని లేదు, చీరల మడతల మధ్యా, దేవుడి గూట్లో పటం వెనకా, బియ్యం డబ్బాలో కూడా చూడు. అవన్నీ ఒక సూట్‌కేసులో పెట్టి అన్నయ్యతో వీడియోలో ఒకసారి చూసుకోండి, ఒకటి రెండు రోజుల పని. ఇది కాగితాల పని కాబట్టి చెయ్యి కూడా త్వరగా కదులుతుంది.

తర్వాత నీకు ఏ గది తక్కువ బాధ పెడుతుందో అక్కడికి వెళ్ళు, వసారా, మేడ మీద గది, స్టోరు. అమ్మ బీరువా ఆఖరి నాలుగు రోజులకి ఉంచు. వంటింట్లోకి మాత్రం ఒక్కదానివే వెళ్ళకు, పిన్నినో చిన్నప్పటి స్నేహితురాలినో పిలుచుకో. ఎందుకంటే మన స్టీలు గిన్నెల మీద పేర్లుంటాయి. మా అమ్మ పోయాక నేను అటక మీంచి ఒక గిన్నె దింపి బోర్లిస్తే అడుగున చుక్కలు చుక్కలుగా మా అత్త పేరు, నా పెళ్ళి తేదీ కొట్టి ఉంది, ఆ గిన్నె పట్టుకుని మధ్యాహ్నం దాకా నేలమీద కూర్చుండిపోయాను. గిన్నెకో కథ ఉంటుంది, పక్కన వినేవాళ్ళుంటే కథ చెప్పుకుని గిన్నె పక్కన పెట్టగలం, ఒక్కళ్ళమే ఉంటే అక్కడే మునిగిపోతాం.

ఉంచుకునేవి, ఇచ్చేవి, ఇంకా తేల్చుకోలేనివి అని మూడు రాశులు పెట్టుకో, మూడో రాశికి సిగ్గుపడకు, అది మేడ మీద ఒక గదిలో పెట్టి తాళం వేసి మిగతా ఇల్లు అద్దెకి ఇవ్వొచ్చు. అన్నీ ఈ సెలవులోనే తేల్చాలని ఎవరన్నారు? అమ్మ చీరలు కొన్ని ఆవిడ దగ్గర పనిచేసినావిడని పిలిచి నువ్వే చేత్తో ఇవ్వు. ఒకటి నువ్వు కట్టుకుని వెళ్ళు.

ప్రశ్న: మేడమ్, మీ శీర్షికలో అందరూ పెద్ద పెద్ద లక్ష్యాల గురించి అడుగుతారు. నాకు పెద్ద పని ఒక్కటి కూడా లేదు, చిన్నవే వంద ఉన్నాయి. విశాఖలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అత్తమామలు. టిఫిన్ బాక్సులు, స్కూలు ఫీజు, మావయ్యగారి బీపీ మాత్రలు, గ్యాస్ బుకింగ్, ఇస్త్రీ బట్టలు, ప్రాజెక్టు వర్కుకి థర్మాకోల్. ప్లానర్ కొన్నా, యాప్ పెట్టుకున్నా, పొద్దున్న నాలుగున్నరకి లేచినా, ఆఫీసులో కూడా బుర్రలో ఇవే తిరుగుతుంటాయి. ఇంకా పద్ధతిగా చేసుకోవడం ఎలా?

జవాబు: నువ్వు ఇంకా పద్ధతిగా చెయ్యక్కర్లేదమ్మా, ఇప్పటికే నలుగురి పని పద్ధతిగా చేస్తున్నావు. పైన ముగ్గురికీ పనిని ముక్కలు చేసుకోండి అని చెప్పాను, ఎందుకంటే వాళ్ళ పని వాళ్ళదే. నీది అలా కాదు, ఇంట్లో ఆరుగురి పని నీ ఒక్కదాని తలలో ఉంది. యాప్ ఆ పని నీకు గుర్తు చేస్తుంది గానీ నీ దగ్గర్నుంచి తీసుకోదు. చెయ్యడం ఒక ఎత్తు, గుర్తుపెట్టుకోవడం ఇంకో ఎత్తు, ఆ రెండోది ఎవరికీ కనపడదు, నువ్వు చెప్తే తప్ప.

ఒక్క వారం, చేసిన పని కాదు, గుర్తుపెట్టుకున్న పని ప్రతిదీ రాయి. మావయ్యగారి మాత్రలు అయిపోతున్నాయని గుర్తుంది, గురువారం యూనిఫాం తెల్లది అని గుర్తుంది, అలా. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ కాగితం మీ ఆయన ముందు పెట్టు. ఇందులో మీకేమైనా సాయం చెయ్యాలనుందా అని అడగొద్దు, సాయం అంటే పని మళ్ళీ నీదే అని అర్థం. ఇందులో మీరు ఏవి తీసుకుంటారు అని అడుగు. మాత్రలు తీసుకుంటే మాత్రలు అయిపోయే లోపు తేవడం, డాక్టర్ అపాయింట్‌మెంటు, రిపోర్టులు అన్నీ ఆయనవే, నువ్వు మళ్ళీ గుర్తు చెయ్యకూడదు, ఒకసారి మర్చిపోతారు, ఆ రోజుకి మందుల షాపుకి ఆయనే పరిగెడతారు. మావయ్యగారికి ఇబ్బంది లేకుండా ముందే వారానికి సరిపడా ఎక్స్‌ట్రా కొని పెట్టుకోండి. బ్యాగులూ బూట్లూ పిల్లలవి. అత్తయ్యగారిని కూడా అడుగు, ఓపికుంటే గ్యాసూ పాలవాడి లెక్కా ఆవిడకి ఇవ్వు, చాలామంది పెద్దవాళ్ళు తమని ఎవరూ ఏదీ అడగట్లేదని లోలోపల చిన్నబుచ్చుకుంటూ ఉంటారు.

మొదటి వారం ఇల్లు కాస్త అస్తవ్యస్తం అవుతుంది, నీకు చెయ్యి దురద పెడుతుంది, లేచి చేసెయ్యాలనిపిస్తుంది. కూర్చో. నెల అయ్యాక ఆ కాగితంలో ఎన్ని లైన్లు చేతులు మారాయో లెక్కపెట్టి నాకు రాయి, ఒక్కటి కూడా మారకపోతే అదీ రాయి, అప్పుడు ఉత్తరం మీ ఆయన పేరు మీద నేనే రాస్తాను.